గ్లోరీ ఎదురుగా చూసిన ఫోటో

7 సెప్టెంబరు 2025, ఆదివారం

పోయిన ఏడాది నవంబరు తొమ్మిది, శనివారం. ఆ ఉదయం సంగతి రాసిపెట్టుకోవాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. మరిచిపోతానని కాదు. రాస్తే చెదరకుండా ఉంటుందని.

అప్పటికి ఇంకా ఏడు గంటలు కాలేదు. విశాఖ వైపు పాసింజరు అప్పుడే వెళ్ళింది. అది వెళ్ళాక చీపురుపల్లిలో మా వీధికి కాసేపు ఏ చప్పుడూ ఉండదు. అమ్మ అరుగు మీద పీట వేసుకుని కూర్చుంది. చోడి అంబలి సగం తాగి గ్లాసు పక్కన పెట్టింది. ఈగలు వాలతాయని నేను దాని మీద సాసరు బోర్లించాను. చెల్లెలు గ్లోరీ ముందురోజు సాయంత్రం ఎచ్చెర్ల నుంచి వచ్చింది. అక్కడి యూనివర్సిటీ లైబ్రరీలో ఉద్యోగం. తలకి నూనె పెట్టించుకోవడానికి అమ్మ కాళ్ళ దగ్గర, కింది మెట్టు మీద కూర్చుంది. నలభై ఐదేళ్ళ మనిషి, చిన్నపిల్లలాగా.

చేపల జగ్గమ్మ మా గుమ్మం ముందే తట్ట దించింది.

"ఏటే, నిన్నటి సేపలేనా?" అంది అమ్మ.

"నిన్నటివైతే ఇంత పొద్దుటే ఎందుకొస్తానమ్మా? నీకు సూపు ఆనని ఏళప్పుడు వస్తాను గానీ."

అమ్మ పెద్దగా నవ్వింది. గ్లోరీ కూడా. నేను కెమెరా తెచ్చుకున్నాను. రిటైర్మెంటుకి ముందే టీచరు ఉద్యోగం వదులుకుని ఇంటికొచ్చినప్పుడు నా కోసం కొనుక్కున్న వస్తువు అదొక్కటే, అదీ సెకండ్‌హ్యాండుది. నెల రోజులైంది కొని. మందారాలూ గోడ మీద పిల్లులూ తప్ప ఏమీ తీయలేదు అప్పటికి.

అమ్మ నూనె చేత్తో గ్లోరీ గెడ్డం పట్టుకుని మొహం పైకెత్తింది. ఎండ ఇద్దరి మీదా పడింది. నొక్కాను. ఒకటే. తరవాత బ్యాటరీ అయిపోయింది, ఛార్జింగుకి పెట్టాక వెనక తెర మీద గ్లోరీకి చూపించాను. తను కెమెరా వెంటనే నా చేతికి ఇవ్వలేదు.

జనవరి ఇరవై ఏడున అమ్మ ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది.

గ్లోరీకి పదకొండో ఏట ఎడమ బుగ్గ మీద బొల్లి మచ్చలు వచ్చాయి. కంటి కింద నుంచి గెడ్డం దాకా తెల్లగా. అప్పటి నుంచి ఇంట్లో ఏ ఫోటోలోనైనా తను చివర్న ఉంటుంది, కుడి బుగ్గ మాత్రం కనబడేలా తిరిగి. అలా అలవాటైపోయింది. తను ఎదురుగా చూస్తున్న ఫోటో మా ఇంట్లో ఇదొక్కటే.

10 సెప్టెంబరు

విజయనగరం నుంచి పాల్ ఫోన్ చేశాడు. తమ్ముడు. బస్సు డిపోలో గుమస్తా. గ్లోరీలాగే వాడూ నన్ను అక్క అనడు, అప్ప అంటాడు.

"అప్పా, అమ్మ సమాధి రాయి పని లక్ష్ముడికి ఒప్పజెప్పేను. రాతిలో ఫోటో పలక ఒకటి దిగేస్తాడట. ఇంట్లోకి కూడా పెద్దది ఒకటి కట్టిద్దాం. ఏడాది ప్రార్థన కూడిక లోపల అయిపోవాల. నీ దగ్గర మంచిది ఉన్నాదా?"

ఉంది అన్నాను.

"ఆధారు కార్డుదా?"

"కాదు."

"అమ్మయ్య. అందులో అమ్మని పోలీసోళ్ళు పట్టుకొచ్చినట్టుంటాది."

నవ్వొచ్చింది. అమ్మ పోయాక ఇద్దరం కలిసి నవ్వడం ఇదే మొదలు.

గ్లోరీ కూడా ఉన్న ఫోటో అని చెప్పాను. పాల్ గొంతు తగ్గించాడు. "గ్లోరీ ఎటు తిరిగుంది?"

"ఎదురుగా."

"ఊఁ. కొంచెం సరిసెయ్యాలేమో సూడు అప్పా. నీకు తెలుసు కదా."

ఏం సరిచెయ్యాలో వాడు చెప్పలేదు. నేను అడగలేదు.

12 సెప్టెంబరు, శుక్రవారం

ఉపవాసం. లాప్‌టాప్‌లో ఫోటో తెరిచి, మూసేశాను.

15 సెప్టెంబరు

స్టేషను రోడ్డులో బాబీ స్టూడియోకి వెళ్ళాను. నలభై దాటాయి వాడికి. ఒకప్పుడు నా దగ్గర ఎనిమిదో తరగతి చదివాడు, లెక్కల్లో ప్రతిసారీ సున్నా. ఇప్పుడు వాడు కుర్చీలో, నేను స్టూలు మీద.

ఫోటోలు దిద్దుకునే సాఫ్ట్‌వేరు ఏది తీసుకోవాలో చెప్పమన్నాను.

"ముందు ఒకటి సెప్పండి టీచరమ్మా. ఫోటో బాగుండాలా, మీకు పని రావాలా?"

"రెండూ."

"రెండూ అంటే రెండేళ్ళు."

"నీకు ఎక్కాలు నేర్పడానికి రెండేళ్ళు పట్టింది. నేను కూర్చోలేదా?"

"అవి ఇప్పటికీ రావు టీచరమ్మా" అని నవ్వాడు.

మూడు చూపించాడు. మొదటిదానికి నెలనెలా అద్దె. కానీ అది అసలు ఫోటోని ముట్టుకోదట. మనం ఏం మార్చామో పక్కన రాసుకుంటుంది, ఎన్నాళ్ళయినా వెనక్కి వెళ్ళొచ్చు. రెండోది ఉచితం, అన్నీ వస్తాయి, కాని తెరిస్తే విమానం నడిపేవాళ్ళ ముందుండే బల్లలా ఉంది. ఒక పొర మీద ఇంకో పొర పెట్టాలి, ఏ పొర మీద ఉన్నామో చూసుకోవాలి. నేను పొర మరిచిపోయి ఆకాశానికి బదులు మొత్తం బొమ్మ చెరిపేశాను. మూడోది ఒక్క నొక్కుది. 'వెలుతురు', 'రంగు', 'మొహం' అని బొత్తాలుంటాయి. నొక్కితే అదే చేసేస్తుంది.

"కానీ ఇది తొందరమనిషి లాంటిది. భద్రం సెయ్యి అంటే పాతదాని మీదే రాసేస్తాది. ముందు కాపీ తీసుకోండి. కాపీ మీదే పని సెయ్యండి. రాసుకోండి టీచరమ్మా, నేను సెప్పినట్టు."

రాసుకున్నాను. ఇదిగో, ఇక్కడ కూడా రాస్తున్నాను. కాపీ తీసుకోవాలి.

అది ఎలా పని చేస్తుందో చూపించడానికి వాడు ఒక పెళ్ళికూతురి ఫోటో తెరిచాడు. ఆ పిల్లకి బుగ్గ మీద పుట్టుమచ్చ ఉంది, రూపాయంత. 'మొహం' నొక్కాడు. పోయింది.

చూశాను.

19 సెప్టెంబరు, శుక్రవారం

అద్దెదే మంచిదని బాబీ మళ్ళీ ఫోన్ చేసి చెప్పాడు. ఆలోచించి చెబుతానన్నాను. ప్రార్థన చేసుకుంటున్నాను. ఇంత చిన్న విషయానికి ప్రార్థనా అనిపించింది. చిన్నదయితే నిద్ర ఎందుకు పట్టదు?

21 సెప్టెంబరు, ఆదివారం

మూడోదే తీసుకున్నాను. ప్రార్థన చేసుకునే నిర్ణయించాను. నా వయసుకి సులువైనది చాలు. అద్దెదానిలో నేర్చుకోవలసినవి మరీ ఎక్కువ. ఉచితందానికి ఓపిక లేదు. ఇందులో వేరే కారణం లేదు.

24 సెప్టెంబరు

సాధన కోసం జగ్గమ్మ ఫోటో తీసి, 'మొహం' బొత్తాం నొక్కి, లాప్‌టాప్ అరుగు మీదకి తెచ్చి చూపించాను. ముడతలు లేవు, చుబుకం మీది పచ్చబొట్టు లేదు. జగ్గమ్మ కళ్ళు చిట్లించింది.

"ఇదెవులమ్మా?"

"నువ్వే."

"నానా? పిండి పూసేసినట్టున్నాది. నా పచ్చబొట్టేదీ? మా అత్త ఏయించింది అది, నాను ఏడుత్తా ఏయించుకున్నాను. ఎక్కడెట్టేసేవు?"

"మళ్ళీ తెస్తాను" అన్నాను. దాని కాపీ ఉంది. తెచ్చి చూపించాను.

"ఇదీ. ఇది నాను" అని తట్ట ఎత్తుకుంది. "సదువుకున్నోళ్ళకి పని లేకపోతే ఇలాగే ఉంటాది."

మంచి హాస్యం జగ్గమ్మది.

4 అక్టోబరు, శనివారం

అమ్మ ఫోటో పని చేశాను. కొంచెం వెలుతురు. అంతే.

5 అక్టోబరు

గ్లోరీ బుగ్గ మీద కూడా కొంచెం. ఎండ ఎక్కువ పడిందక్కడ.

చాలా అందంగా వచ్చింది. అమ్మ కూడా అలాగే కోరుకుని ఉంటుంది. అమ్మ ఎన్ని ఆస్పత్రులకి తిప్పింది, ఎన్ని కూడికలకి నేను తీసుకెళ్ళాను. ముప్ఫై నాలుగేళ్ళు ప్రార్థించినది ఇవాళ కళ్ళారా చూశాను. కాసేపు ఏడ్చాను. సంతోషమే.

12 అక్టోబరు, ఆదివారం

చర్చిలో స్త్రీల సమాజం సువర్ణోత్సవం. నాలుగు వందల పైన ఫోటోలు తీశాను. కెమెరా మెమరీ కార్డులో చోటు చాలదని నిన్న మొత్తం ఖాళీ చేశాను. ఫోటోలన్నీ బాగా వచ్చాయని పాస్టరుగారు అన్నారు.

1 నవంబరు, శనివారం

ఫ్రేము వచ్చింది. రెండడుగులకి అడుగున్నర. హాల్లో గోడకి పెట్టాం. పాల్, వాడి భార్య కుసుమకుమారి వచ్చారు.

"వదినా, స్టూడియోవాళ్ళు కూడా ఇలా సెయ్యలేరు" అంది కుసుమ. "గ్లోరీని సూడండి, ఎంత బాగున్నాదో. ముందే ఇలాగ—" అని ఆగిపోయింది.

పాల్ ఫ్రేము వైపు చూసి, నా వైపు చూసి, తల ఊపాడు.

గ్లోరీకి పరీక్షల పని. వచ్చే శనివారం వస్తానంది. చెప్పలేదు ఇంకా. చూసి ఆశ్చర్యపోవాలని.

8 నవంబరు, శనివారం

గ్లోరీ పదింటి బస్సుకి వచ్చింది. చెప్పులు విప్పుతూనే గోడ చూసింది. సంచి భుజం మీదే ఉంది. కాఫీ ఇచ్చాను. చేత్తో పట్టుకుని నిలబడింది.

"అప్పా, అమ్మ ఎవరి గెడ్డం పట్టుకున్నాదిక్కడ?"

"నీదేనే. ఆ శనివారం నువ్వు నూనె—"

"నాది కాదు."

"కొంచెం వెలుతురు సరిచేశాను."

"వెలుతురా?" దగ్గరికి వెళ్ళి అద్దం మీద వేలు పెట్టింది. కంటి కింద నుంచి గెడ్డం దాకా మెల్లగా గీసింది. "ఇక్కణ్ణుంచి ఇక్కడిదాకా వెలుతురేనా?"

"నీ కోసమే చేశానే. నలుగురూ చూసే ఫోటో."

"నలుగురికీ నా మొహం తెలుసప్పా. లైబ్రరీలో రోజూ రెండొందల మంది పిల్లలు నా ఎదరకే వస్తారు. పుస్తకం మీద ముద్రేసి ఇస్తాను, తీసుకుని ఎళ్తారు. ఇప్పటిదాకా ఒక్కడూ మూర్ఛపోలేదు."

అద్దం మీద తన వేలి గీత చూస్తూ నిలబడ్డాను.

"ఆ రోజు అమ్మ నా మొహం పట్టుకుని సూసింది. పక్కకి తిప్పలేదు. అదొక్కటి ఫోటోలో పడింది కదా, ఎప్పుడేనా అడిగి ఒకటి తీసుకుందాం అనుకుంటన్నాను. ఏడాదిగా అనుకుంటన్నాను." గ్లాసు బల్ల మీద పెట్టింది. "అసలుది ఇవ్వు. ఇది ఉంచుకోండి మీరు. అది నాకు కావాలి."

"ఉంది. వెతికి ఇస్తాను" అన్నాను.

అన్నం తినకుండా పన్నెండింటి బస్సుకి వెళ్ళిపోయింది. కాఫీ మీద మీగడ కట్టింది.

9 నవంబరు, ఆదివారం

ఏడాది అయింది. ఆ ఉదయం గురించి మొదటి పేజీలో రాసింది ఇప్పుడు చదువుకున్నాను. ఒకటి రాయలేదు.

కెమెరా ఎత్తుతూ నేను అన్నాను, "గ్లోరీ, అటు తిరుగు" అని. ఎప్పుడూ అనేదే. తను తిరిగింది కూడా. అమ్మ గెడ్డం పట్టుకుంది అప్పుడు. తన మొహం మళ్ళీ నా వైపు తిప్పి, "ఏటా తిప్పుడు? బాగానే ఉన్నాది కదే" అంది. అది గ్లోరీతో కాదు. నాతో.

అప్పుడు నొక్కాను.

14 నవంబరు, శుక్రవారం

గ్లోరీ ఫోన్. దొరికిందా అని. వెతుకుతున్నానన్నాను.

19 నవంబరు

గ్లోరీ ఫోన్. లాప్‌టాప్‌లో లేదా అంది. పాత ఫోల్డర్లు చాలా ఉన్నాయి, చూడాలన్నాను.

26 నవంబరు

వెతుకుతున్నానని చెప్పాను.

28 నవంబరు, శుక్రవారం

ఉపవాసం ఉన్నాను. ప్రార్థన రాలేదు. మోకాళ్ళ మీద ఉన్నంతసేపూ వంటింట్లో కుళాయి చుక్కలు లెక్కపెడుతున్నాను.

3 డిసెంబరు

ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ చదవరు. ఇందులోనూ అబద్ధమైతే ఇంకెక్కడ రాయాలి?

వెతకడానికి ఏమీ లేదు. అక్టోబరు ఐదున పని అయ్యాక ఆ సాఫ్ట్‌వేరు అడిగింది. పాత ఫోటో పోతుంది, దాని బదులు ఇది ఉంచనా అని. తెలుగులోనే అడిగింది. రెండు బొత్తాలు. బాబీ చెప్పింది గుర్తుంది. జగ్గమ్మ ఫోటోకి కాపీ తీసినదాన్ని, కాపీ అంటే తెలియదని ఎలా అనుకోను? చెయ్యి ఆగింది కూడా. పాతది ఉంటే ఎప్పటికైనా ఎవరో ఒకరు బయటికి తీస్తారు, పోతే గ్లోరీకి ఇదొక్కటే మొహం ఉంటుంది అనుకున్నాను. 'అవును' నొక్కాను.

ఇంకొకటి. సువర్ణోత్సవానికి కార్డులో చోటు చాలదని రాశాను. డ్రాయరులో కొత్త కార్డు ఉంది, సీలు విప్పకుండా. ఇప్పుడూ అలాగే ఉంది.

అలవాటైపోయింది అని కూడా రాశాను. అలవాటు చేసింది నేను. అప్పటికి నాకు ఇరవై నాలుగు. కొత్తగా ఉద్యోగం. పాల్ పదో తరగతి పాసయ్యాడని స్టూడియోకి వెళ్ళాం. గ్లోరీ అమ్మ పక్కన నిలబడితే నేను భుజాలు పట్టుకుని చివరికి జరిపి, ఇలా తిరుగు, బంగారం కదూ అన్నాను. అప్పటి నుంచి నేను చెప్పకముందే తనే జరిగేది. బాప్తిస్మానికీ, పాల్ పెళ్ళికీ, నాన్న పోయినప్పుడూ.

6 డిసెంబరు

కార్డు పట్టుకుని బాబీ దగ్గరికి వెళ్ళాను. జరిగినదంతా చెప్పాను. చెరిగినవి వెతికే సాఫ్ట్‌వేరు వేరే ఉందట.

"దీని మీద తరవాత ఎన్ని తీసారు?"

"నాలుగు వందలు."

"అయ్యో టీచరమ్మా" అన్నాడు. తరవాత ఏమీ అనలేదు. అది నాకు కష్టంగా ఉంది. వాణ్ణి నేను ఎన్ని అన్నాను, సున్నా వచ్చినప్పుడల్లా.

గంటన్నర తిరిగింది. సువర్ణోత్సవం ఫోటోలే మళ్ళీ మళ్ళీ వచ్చాయి. చివర్న ఒకటి, గోరంత.

"కెమెరా ప్రతి ఫోటోలోనూ ఒక సిన్న బొమ్మ దాసుకుంటాది, వెనక తెర మీద గబుక్కున సూపించడానికి. పెద్దది పోయింది. ఇది మిగిలింది."

తపాలా బిళ్ళ కన్నా చిన్నది. కాని ఉంది. అమ్మ చెయ్యి, గ్లోరీ నవ్వు, ఎడమ బుగ్గ తెల్లగా. పెద్దది చెయ్యమన్నాను. చేస్తే మొహాలు గళ్ళగళ్ళయిపోయాయి.

"ఇంకో సాఫ్ట్‌వేరు వచ్చింది టీచరమ్మా. ఇంత ముక్క ఇస్తే మిగతాది అదే కట్టేస్తాది. ఊహించి."

"ఊహించింది సరిగ్గా ఉంటుందా?"

"అందంగా ఉంటాది. సరిగ్గా అంటే, గ్లోరీగారి మొహం దానికేటి తెలుసు?"

వద్దనాల్సింది అప్పుడే. ఆలోచిస్తానన్నాను. ఇంకా ఆలోచిస్తానన్నాను.

16 డిసెంబరు

ఎచ్చెర్ల వెళ్ళాను. లైబ్రరీ బయట వేప చెట్టు కింద సిమెంటు బల్ల ఉంది. మధ్యాహ్నం భోజనాల వేళ గ్లోరీ వచ్చి పక్కన కూర్చుంది. క్యారేజీ విప్పింది.

"దొరికిందా?" అంది.

చెప్పాను. బొత్తాం సంగతీ, కార్డు సంగతీ, డ్రాయరులో కొత్త కార్డు సంగతీ. మధ్యలో ఆపితే మళ్ళీ చెప్పలేనని గబగబా చెప్పేశాను. పాఠం అప్పజెప్పినట్టు ఉంది.

గ్లోరీ క్యారేజీ మూత మళ్ళీ పెట్టేసింది.

"తెలిసే సేసేవా?"

"తెలిసే."

పిల్లలెవరో "నమస్తే మేడమ్" అని వెళ్ళారు. వాళ్ళకి నవ్వుతూ తలూపింది.

"సిన్నప్పుడు శుక్రవారాలు నా కోసం ఉపాసం ఉండేదానివి, గుర్తుందా?"

"ఇప్పటికీ ఉంటున్నాను."

"తెలుసు. స్కూలు నుంచొచ్చి నీరసంగా గోడకి జేరబడేదానివి. నన్ను పక్కన కూకోబెట్టుకుని, కళ్ళు మూసుకుని అడుగు, నీ మొహం బాగు సెయ్యమని అడుగు అనేదానివి. నేనేటి అడిగేదాన్నో తెలుసా?"

తెలియదన్నాను.

"మా అప్ప అన్నం తినేటట్టు సెయ్యి ప్రభువా అని." క్యారేజీ పట్టుకుని లేచింది. "నా మొహం గురించి నేనెప్పుడూ అడగలేదప్పా. నువ్వే అడిగేదానివి."

గోరంత ఫోటో బాబీ నా ఫోనులోకి పంపించాడు. చూపించాను. ఎండకి తెర కనబడలేదు. చేత్తో నీడ పట్టుకుని చూసింది. నాకు పంపించు అంది. పంపించాను.

"ఇంటికి రావే పండక్కి" అన్నాను.

"సర్చికి వస్తాను" అంది.

17 డిసెంబరు

ముప్ఫై నాలుగేళ్ళలో ఆ పిల్లని ఒక్కసారి అడిగి ఉంటే.

25 డిసెంబరు

ఆరాధనకి గ్లోరీ వచ్చింది. నా పక్కన కూర్చోలేదు, కుసుమ పక్కన కూర్చుంది. పాటలో గొంతు మాత్రం వినబడింది.

26 డిసెంబరు, శుక్రవారం

ఉపవాసం లేను. అన్నం తిన్నాను. సహించలేదు, అయినా తిన్నాను.

28 డిసెంబరు, ఆదివారం

సాయంత్రం నాలుగింటికి అందరూ వచ్చారు. నేనే రమ్మన్నాను. పాల్‌కీ కుసుమకీ కూడా జరిగినది నా నోటితోనే చెప్పాలి కదా. చెప్పాను. పాల్ తల వంచుకుని విన్నాడు.

"అప్పకి సరిసెయ్యమని సెప్పింది నేనే" అన్నాడు.

"నువ్వు సెప్పేవు, అప్ప సేసింది. ఇద్దరూ నన్ను అడగలేదు" అంది గ్లోరీ. కోపంగా అనలేదు. కోపంగా అంటే బాగుండేది.

కుసుమ లేచి టీ పెట్టింది. పాల్ ఆ ఊహించే సాఫ్ట్‌వేరు మాట ఎత్తాడు. బాబీని తను కూడా అడిగాడట. "మచ్చలు కూడా పెడతాదంట గ్లోరీ. ఎక్కడ కావాలంటే అక్కడ. అచ్చు నీలాగే."

"అచ్చు నాలాగే ఉన్నదాన్ని నేనున్నాను కదన్నా. అమ్మ అప్పుడు నన్ను ఎలాగ సూసిందో అది ఊహిస్తాదా?"

గ్లోరీ నా వైపు తిరిగింది. "నువ్వేటంటావప్పా?"

పెద్దదాన్నని ఇంట్లో ఆఖరి మాట నన్ను అడుగుతారు. అది అడగడం కాదు, అలవాటు. ఇవాళ తను నిజంగానే అడిగింది. "వద్దు. ఇంక ఎవరూ ఊహించక్కర్లేదు" అన్నాను.

ఇంతలో రాయి పని చేసే లక్ష్ముడు వచ్చాడు, పలకకి ఫోటో ఇస్తారా లేదా అని. చిన్నదే పెట్టమంది గ్లోరీ. పెంచకుండా, ఎంత ఉందో అంతే. ఫోనులో చూపించింది. లక్ష్ముడు తల గోక్కున్నాడు.

"ఇంత రాతికి ఇంతే బొమ్మేటమ్మా? దూరానికి ఈగ వాలినట్టుంటాది."

కుసుమ నవ్వు ఆపుకోలేకపోయింది. గ్లోరీ కూడా నవ్వింది. "దగ్గరికొచ్చి సూస్తారు" అంది. లక్ష్ముడు సరేనని వెళ్ళాడు.

తరవాత మిగిలినవి అనుకున్నాం. హాల్లో ఫ్రేము ఇవాళే దించాం. చింపొద్దు, అమ్మ ఉన్నాది అందులో అంది గ్లోరీ. కుసుమ తీసుకెళ్తానంటే వద్దంది, నీ బీరువాలోనే ఉండాలి అని నాతో అంది. ఉంటుంది. ఆ గోడ మీద ఏమీ పెట్టొద్దనుకున్నాం.

గ్లోరీ ఇకమీద ప్రతి శనివారం రాదు. నెలకొకసారి వస్తుంది. అది తనే చెప్పింది.

జనవరి ఇరవై ఏడున ఏడాది కూడిక. ఫోటోలు ఎవరు తీయాలన్న మాట వచ్చినప్పుడు కుసుమ నా వైపు చూసింది. "బాబీని పిలుద్దాం" అంది గ్లోరీ. పాల్ సరేనన్నాడు. నేనూ సరేనన్నాను. సమాధి దగ్గర అందరం కలిసి ఒకటి తీయించుకోవాలని, గ్లోరీ మధ్యలో కుర్చీలో కూర్చోవాలని అనుకున్నాం.

నేనెక్కడ నిలబడాలని అడిగాను.

"ఆ రోజు సెప్తాను" అంది.